కొండవీడు బండ మీద ముప్పావుగంట

దర్శి చుట్టుపక్కల ఊళ్లలో బావి తవ్వించాలంటే ప్రేమదాసుకి కబురు పెట్టేవారు. ఆ నేలలో ఎనభై అడుగులు దిగితే గాని తడి తగలదు. తండ్రి అడుగున గునపం వేస్తుంటే గట్టు మీద మోకు పట్టుకుని కూర్చునేవాడు ఏసోబు. "మోకు చేతిలో ఉన్నంతసేపు ఎవడు పిలిచినా తల తిప్పమాకరా" అని చెప్పి దిగేవాడు ప్రేమదాసు. ఏసోబు తిప్పేవాడు కాదు. మాటలు తక్కువ, పట్టు ఎక్కువ ఉన్న మనిషిగా పెరిగాడు.

1972లో గుంటూరులో సైన్యంలోకి మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసి నలభై మందితో పాటు వరసలో నిలబడ్డాడు. ముందున్నవాడు వెనక్కి తిరిగి, "అన్నా, ఛాతీ కొలిచేటప్పుడు ఊపిరి బిగబట్టు, లేకపోతే ఇంటికి పంపిస్తారంట" అన్నాడు. వాడి పేరు హయాత్. సంగడిగుంటలో ఇల్లు. తండ్రి లేడు, తల్లి ఫాతిమా మిరపకాయల గోదాముల్లో తొడిమలు తీసి వాణ్ని పెంచింది. ఆ రోజు ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఎంపికయ్యారు. ఆ తరవాత పదకొండేళ్లు వాళ్ల పక్కలు పక్కపక్కనే ఉన్నాయి.

1980లో ఇద్దర్నీ గఢ్వాల్ కొండల మీద పర్వత రక్షక దళంలో వేశారు. ఏటా మే, జూన్ నెలల్లో కొండ ఎక్కేవాళ్లు గుంపులుగా వస్తారు. దళం వాళ్లు పదిహేడు వేల అడుగుల ఎత్తున డేరాలు వేసుకుని, మంచు వాలుల మీద మేకులు కొట్టి తాళ్లు బిగిస్తారు. వైర్‌లెస్‌లో వచ్చిన వాతావరణం కబురు అందరికీ చెబుతారు. ఊపిరాడక పడిపోయినవాళ్లని వీపున కట్టుకుని దించుతారు. ఎండలో పుట్టిన ఈ ఇద్దరూ అక్కడ ఏం నిలబడతారని గఢ్వాలీ కుర్రాళ్లు మొదట్లో నవ్వారు. రెండో ఏటికల్లా వాలు మీద తాడు బిగించాలంటే ముందు వీళ్లనే పిలిచేవారు. ఆ ఎత్తులో నాలుకకి ఏదీ రుచించదు. ఫాతిమా పోస్టులో పంపే కారాన్ని హయాత్ పప్పులో కలిపి డేరా డేరాకీ పంచేవాడు. తిన్నవాళ్లు కళ్లు తుడుచుకుంటూ మళ్లీ గిన్నె చాపేవారు.

1983 జూన్‌లో గుంటూరు నుంచే ఒక జట్టు వచ్చింది. నాయకుడు త్రికోటేశ్వరరావు. పొగాకు వ్యాపారి కొడుకు, బ్రాడీపేటలో కొండలెక్కే క్లబ్బు పెట్టినవాడు. తెలుగు మాట చెవిన పడగానే హయాత్ టీ కాచుకుని వాళ్ల డేరాకి పరిగెత్తాడు. ఏసోబూ వెళ్లాడు. త్రికోటేశ్వరరావు ముందు నవ్వుతూనే మాట్లాడాడు. ఏ ఊరు, ఏ పేట, పేర్లేంటి అని అడిగాడు. పేర్లు విన్నాక, "సరే, కాసిని వేడినీళ్లు తెచ్చిపెట్టండి" అన్నాడు. మళ్లీ వాళ్ల మొహం చూసి మాట్లాడలేదు.

నాలుగో రోజు పొద్దున, మధ్యాహ్నానికి మంచుతుఫాను వస్తుందని వైర్‌లెస్‌లో కబురు వచ్చింది. ఏసోబు వెళ్లి చెప్పాడు. "ఇవాళ ఎవర్నీ పైకి పోనివ్వద్దన్నారండి."

"మీరున్నది మోయడానికి. మాకు పాఠాలు చెప్పడానికి కాదు" అన్నాడు త్రికోటేశ్వరరావు.

అతని జట్టులో మిగతావాళ్లు ఆగిపోయారు. అతనొక్కడే బయల్దేరాడు. ఒంటరిగా వదలకూడదన్నది దళం నియమం కాబట్టి హయాత్ వెంట వెళ్లాడు. కింది మజిలీలో తాళ్ల దగ్గర ఏసోబు ఉన్నాడు.

సాయంత్రం నాలుగింటికి మంచు అడ్డంగా కొడుతుంటే తాడు కదిలింది. త్రికోటేశ్వరరావు ఒక్కడే దిగొచ్చాడు. ఏసోబు అతని చుట్టూ కంబళి కప్పి, చెవి దగ్గర నోరు పెట్టి అడిగాడు.

"పైన ఎవరున్నారండి?"

"దారిలో ఎవరూ లేరు. మీవాడు పై డేరాలో ఆగిపోయాడు. బానే ఉన్నాడు. పొద్దున వస్తానన్నాడు."

పై డేరాలో స్టవ్వు ఉంది, తిండి ఉంది. ఏసోబు నమ్మాడు.

తెల్లారి ఆకాశం తేటగా ఉంది. ఏసోబు రెండు తాళ్ల పొడుగు, అంటే ఓ మూడొందల అడుగులు, ఎక్కేసరికి హయాత్ కనపడ్డాడు. బండకి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. ఒక మోకాలు పక్కకి తిరిగిపోయి ఉంది. రెండు చేతులూ చంకల్లో దోపుకుని ఉన్నాడు. చేతులకి తొడుగులు లేవు. అవి నిన్న సాయంత్రం త్రికోటేశ్వరరావు చేతులకి ఉన్నాయని ఏసోబుకి అప్పుడు గుర్తొచ్చింది. రెండు తాళ్ల పొడుగు. చెప్పి ఉంటే గంటలో వెళ్లి దించుకొచ్చేవాడు.

శవాన్ని కింద రోడ్డు దాకా దించడానికి రెండు రోజులు పట్టింది. ఆ దించడంలో ఏసోబు ఎడమకాలి వేళ్లు రెండు మంచుకి పోయాయి. విచారణ జరిగింది. తన మాట వినకుండా హయాత్ తాడు వదిలి జారిపోయాడని త్రికోటేశ్వరరావు రాసిచ్చాడు. ఏసోబు తనకి తెలిసింది చెప్పాడు. చూసిన మూడో మనిషి లేడు. "సొంత అజాగ్రత్త వల్ల మరణం" అన్న కాగితం సంగడిగుంటకి వెళ్లింది. ఇంగ్లీషులో ఉన్న ఆ ముక్కని ఒక బడి పంతులు ఫాతిమాకి చదివి చెప్పాడు.

కుంటికాలితో ఏసోబు 1985లో ఇంటికొచ్చాడు. దర్శి వెళ్లకముందే గుంటూరులో దిగి ఫాతిమా పనిచేసే గోదాముకి వెళ్లాడు. ఆమె కాయల గుట్ట ముందు ముక్కుకి గుడ్డ కట్టుకుని కూర్చుని ఉంది. జరిగిందంతా వింటూ చెయ్యి ఆపలేదు.

"నా బిడ్డ అజాగ్రత్త మనిషా ఏసోబూ?"

"కాదమ్మా."

"ఆ కాగితం నాకు రోజూ కనపడతది. వాడు ఎక్కడున్నాడు?"

"బ్రాడీపేటలో. కాలేజీ పిల్లలకి కొండలెక్కడం నేర్పిస్తున్నాడంట."

"నువ్వు అక్కడే ఎక్కడన్నా ఉండు" అంది ఫాతిమా.

క్లబ్బు వాళ్లు ఏటా ఫిబ్రవరిలో కొండవీడు కొండ మీద శిక్షణ పెడతారని ఏసోబు కనుక్కున్నాడు. కొండ మీద కాపలా పనిలో చేరాడు. మొదటి ఏడు త్రికోటేశ్వరరావు రాలేదు. రెండో ఏడు వచ్చాడు. తాళ్లు కట్టడం తెలిసిన మనిషని ఏసోబుని కూలికి పెట్టుకున్నాడు, గుర్తుపట్టలేదు. "ఒరేయ్, తాడు" అని చెయ్యి చాపాడు. మంచులో తనకి కంబళి కప్పినవాణ్ని కూడా ఈ మనిషి చూడలేదని ఏసోబుకి ఆ రోజు తెలిసింది. ఇక ఆగకూడదనుకున్నాడు. కాని ఆ ఏడు బండ పైన మరో ఇద్దరు ఉన్నారు. ఏసోబు ఇంకో సంవత్సరం ఆగాడు. కొండ కింద ఊళ్లలో పత్తి పీకారు, మిరప వేశారు, కోశారు.

1988 ఫిబ్రవరి చివర ఇరవై మంది ఆడపిల్లలు వచ్చారు. వాళ్ల వెంట జయకుమారి అనే లెక్చరర్ ఉంది. ఎనభై అడుగుల నిలువు బండ. దిగడం ఎలాగో చూపిస్తానని త్రికోటేశ్వరరావు నడుముకీ తొడలకీ పటకా బిగించుకుని అంచు దాటాడు. పైన తాడు వదిలేవాడు ఏసోబు ఒక్కడే. ముప్ఫై అడుగులు దిగాక బండ లోపలికి వంగి ఉంటుంది, కాళ్లకి ఆధారం దొరకదు. సరిగ్గా అక్కడికి చేరాక ఏసోబు తాడుని బండ కొమ్ముకి మూడు చుట్లు వేసి ముడేశాడు. అంచున బోర్లా పడుకున్నాడు.

"వదలరా తాడు" అని కింద నుంచి కేక.

"పైన ఎవరున్నారండి?"

"ఏంటి?"

"పైన ఎవరున్నారండి అని అడుగుతున్నా."

"నువ్వేగా ఉంది. వదులు."

"నేను కాదండి. ఎనభై మూడు జూన్‌లో."

తాడు చివర మనిషి కదలడం మానేశాడు. కింద నుంచి జయకుమారి గొంతు వినపడింది. "ఏసోబుగారూ, తాడు చిక్కుపడిందా?"

"లేదు మేడమ్. గట్టిగానే ఉంది. సారు ఒక మాట చెప్పాలి. చెప్పగానే దించుతా."

త్రికోటేశ్వరరావు మొదట బూతులు తిట్టాడు. పోలీసులన్నాడు. తరవాత, "వాడే జారిపోయాడు, నాకేం తెలుసు" అన్నాడు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. పటకా తొడల్ని కోస్తోంది, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. అది ఎంత నొప్పో ఏసోబుకి తెలుసు, తెలిసే చూస్తూ కూర్చున్నాడు. ఒకసారి ముడి మీద చెయ్యి వేశాడు. విప్పితే మనిషి ఎంతసేపట్లో నేలకి పడతాడో కూడా లెక్కేశాడు. జాలి కలగలేదు. ఆ మనిషి బతికుండి చెప్పాలి, అందుకే చెయ్యి తీశాడు. జయకుమారి ఇద్దరు పిల్లల్ని చుట్టుదారిన పైకి పంపింది. ఆ దారి గంట నడక.

వాళ్లు చేరకముందే తాడు చివర నుంచి గొంతు వినిపించింది.

"ఉన్నాడు. మోకాలు విరిగి బండ దగ్గర ఉన్నాడు. డేరాలో లేడు."

"తొడుగులు?"

"నావి ఎగిరిపోయాయి. నేనే అడిగి తీసుకున్నా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే దారి చూపించడానికి నన్ను మళ్లీ పైకి తీసుకెళ్తావని భయమేసింది."

"గట్టిగా చెప్పండి. కింద పిల్లలకి వినపడలేదు."

అతను మళ్లీ చెప్పాడు. ఈసారి అరిచి చెప్పాడు. ఏసోబు ముడి విప్పి, ఒక్క కుదుపు లేకుండా అతన్ని నేలకి దించాడు.

చంపబోయాడని కేసు పెట్టారు. ఏసోబు తొమ్మిది రోజులు లాకప్పులోనూ సబ్‌జైల్లోనూ ఉన్నాడు. కాపలా పని పోయింది. జయకుమారి కోర్టుకి వచ్చి, తాను విన్నదీ చూసిందీ ఒక్క మాట వదలకుండా చెప్పింది. కేసు నిలబడలేదు. ఆమే పిల్లల చేత సంతకాలు పెట్టించి ఢిల్లీలో సైన్యం ఆఫీసుకి కాగితం రాసింది. పధ్నాలుగు నెలల తరవాత పాత ముక్క కొట్టేసి, "పర్వతారోహకుణ్ని కాపాడుతూ విధినిర్వహణలో మరణం" అని కొత్త కాగితం వచ్చింది.

ఆ కాగితం రాకముందే, జైలు నుంచి విడుదలైన రోజే ఏసోబు సంగడిగుంట వెళ్లాడు. ఫాతిమా అంతా విని ఒక్కటే అడిగింది. "ఎంతసేపు వేలాడదీశావు?"

"ముప్పావుగంటమ్మా."

"నా బిడ్డ రాత్రంతా కూర్చున్నాడు" అంది. లేచి అతనికి అన్నం పెట్టింది.

బ్రాడీపేటలో క్లబ్బు బోర్డు తీసేశారు. ఏసోబు దర్శిలో పాత బావులు పూడిక తీసే పనికి పోయేవాడు. 1989 ఎండాకాలంలో కాలికి మందు కోసం గుంటూరు వచ్చి, బ్రాడీపేటలో రోడ్డు దాటుతుంటే ఎదురుగా త్రికోటేశ్వరరావు వస్తూ కనపడ్డాడు. ఈసారి గుర్తుపట్టాడు. గబగబా పక్కనున్న మందుల షాపులోకి దూరాడు. ఏసోబుకి అతనితో పనేమీ లేదు. అయినా ఎదురు ఫుట్‌పాత్ మీద, నీడ లేని చోట నిలబడ్డాడు. అద్దాల వెనక ఆ మనిషి ఒక సీసా తీసి చూస్తున్నాడు, పెడుతున్నాడు, మళ్లీ తీస్తున్నాడు. దర్శి బస్సుకి వేళ దాటిపోయింది. సాయంత్రం ఇంకోటి ఉంది. ఏసోబు చేతులు కట్టుకుని అక్కడే నిలబడ్డాడు.