మేనకోడలి తొలి ఓటు

మొన్న కెనడాలోని మా మార్కమ్‌లో మునిసిపల్ ఎన్నికలు జరిగితే, కాఫీ చల్లారకముందే ఫోన్‌లో ఓటు వేసేశాను. పని ఇంత సులువుగా అయినందుకు సంతోషించాల్సింది పోయి, ఆ రోజంతా చిరాకుగానే గడిచింది.

ప్రతి సెప్టెంబరులోనూ విమానాల నిండా మన పిల్లలే దిగుతున్న రోజులు గుర్తొచ్చాయి. మా చెల్లెలి కూతురు అప్పట్లో ఇక్కడికి దగ్గర్లోని ఒషావాలో చదువుకుంటూ, వారాంతాల్లో కాఫీ షాపులో పనిచేసేది. ఆ ఏడాది ఇండియాలో, మన దగ్గర ఎన్నికలు. ఓటు వయసు వచ్చాక ఆమెకు అవే మొదటివి. సెమిస్టర్ కూడా అయిపోతుంది కనుక, ఇంటికి వెళ్లి ఓటు వేసి వస్తానని ముచ్చటపడింది. ఏళ్ల తరబడి దినపత్రిక డెస్కులో ఎన్నికల వార్తలు దిద్దినవాణ్ని, నాకు తెలియని నిబంధన ఉంటుందా అన్న ధీమాతో, పేరు నమోదు చేసుకుంటే బ్యాలెట్ పోస్టులోనే వస్తుందని చెప్పి ప్రయాణం మాన్పించాను. ఏ రిపోర్టరైనా సరిచూడకుండా ఆ వాక్యం రాసుకొస్తే కాగితం తిప్పి పంపేవాణ్ని.

పేరైతే ఎక్కింది గాని, బ్యాలెట్ రాలేదు. పోలింగ్ రెండు రోజులుందనగా ఫోన్ చేసింది.

"మామయ్యా, పాస్‌పోర్ట్ పట్టుకుని మన ఊరి బూత్‌కే రావాలంట. పోస్ట్‌లో వస్తదన్నావ్ కదా!"

అప్పటికే షిఫ్టులు ఒప్పేసుకుంది. బయల్దేరినా వేళకు చేరదు.

మర్నాడు ఇక్కడి ప్లాజా పార్కింగ్‌లో మనవాళ్లు జెండాలు కట్టుకుని కార్ల ర్యాలీ తీస్తుంటే, ఆమెను వెంటబెట్టుకుని వెళ్లాను. సంగతి చెప్పుకుంటే, కండువా వేసుకున్న ఒకాయన నవ్వేశాడు. "ఓటు లేకపోతే ఏముందండీ, ఇంటికి కాల్ చేసి పది ఓట్లు వేయించండి!" మరునాడు బూత్‌లో నిలబడగలిగినవాడు అక్కడ ఒక్కడూ లేడు, జిందాబాద్‌లకు మాత్రం కొదవ లేదు.

"మా నాన్నకు తెల్వదా, ఎవరికెయ్యాల్నో?" అంది మా పిల్ల. ఎవరికీ కాల్ చేయలేదు.

తర్వాత ఆమె ఇక్కడి పౌరురాలయింది. దాంతో అక్కడి పౌరసత్వంతో పాటే ఓటు కూడా, ఒక్కసారైనా వాడకుండానే పోయింది. ఆ మధ్య ఇక్కడ తొలిసారి ఓటు వేసి వచ్చాక, ఎలా ఉందే అని అడిగాను.

"బానే ఉంది మామయ్యా. కానీ గెలిచినోణ్ని తిట్టాలనిపిస్తలేదు."

మా రోజుల్లో ఓటు వేసిన మర్నాటి నుంచే టీ కొట్టు దగ్గర నిలబడి, మేము గెలిపించినవాణ్ని పేరు పెట్టి తిట్టేవాళ్లం. మనవాడన్న చనువు అది. ఇంత దూరం నుంచి అక్కడివాణ్ని తిట్టబోతే, నీకు ఓటెక్కడిదంటారు. ఇక్కడివాడితో ఆ చనువు ఇంకా కుదరలేదు. మా పిల్లకు అది దక్కే అవకాశం ఒకే ఒక్కసారి వచ్చింది, దానికి అడ్డుపడ్డది నేను.