మా అత్తగారి వేలిముద్ర

మా అత్తగారు ఒడిశాలోని బరంపురంలో ఒక తెలుగు బడిలో ముప్ఫై ఏళ్ళు పంతులమ్మగా చేశారు. తెలుగూ ఒడియా రెండూ తడుముకోకుండా చదువుతారు, గుండ్రటి అక్షరాలతో రాస్తారు. మామగారు పోయాక ఇంటి కరెంటు కనెక్షను కూడా ఆవిడ పేరునే ఉంది. అలాంటి మనిషి చేత వేలిముద్ర వేయించుకుపోయారు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ రోజు నేను మా చెల్లెలి ఇంట్లో బారసాలకి దిగపహండి వెళ్ళాను. మావారు కొట్లో ఉన్నారు. అత్తగారికి కంటి ఆపరేషన్ జరిగి నాలుగు రోజులైంది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఇంట్లో ఒక్కరే ఉన్నారు. పదకొండు గంటలప్పుడు నాకు ఫోన్ చేశారు.

"కరెంటోలమని ఇద్దరొచ్చేరే. పాత మీటరు తీసీసి స్మార్ట్ మీటరు ఎడతారట. ఏటి సెయ్యమంటావు?"

నేను వడ్డన హడావుడిలో ఉన్నాను. "ఆళ్ళేటి అడిగితే అది సేసీండత్తయ్యా, నానొచ్చి సూస్తాను" అని ఫోన్ పెట్టేశాను.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వరండా గోడ మీద పాత మీటరు లేదు. దాని స్థానంలో తెల్ల ప్లాస్టిక్ పెట్టె ఒకటి ఎర్ర లైటు కొట్టుకుంటూ ఉంది. అత్తగారి ఎడమ బొటనవేలికి నీలం సిరా అంటి ఉంది.

"ఇదేటత్తయ్యా?"

"సంతకం ఎడతానన్నాను. కళ్ళు కనబడవు కదా మావుసీ అని పిన్ని వరస కలిపి, ఏలెయ్యండి సాలన్నాడు. ఆ కాయితంలో ఏటుందో సదవమన్నాను. మీటరు మార్సినట్టు రసీదన్నాడు. నా సెయ్యట్టుకుని ఆడే ఎయ్యించీసేడు."

నేను ఫోన్లో అలా అనకపోయి ఉంటే బాగుండేదన్నాను. "నువ్వు పనిలో ఉన్నావు. నీ తప్పేటుంది?" అన్నారావిడ. నా తప్పు లేదని నాకు అనిపించలేదు.

మూడు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం, ఎండ నిప్పులు చెరుగుతున్న వేళ, మా ఇంట్లో కరెంటు పోయింది. పక్కింట్లో ఉంది, ఎదురింట్లో ఉంది. మాకే లేదు. బిల్లు బాకీ ఏమీ లేదు. కరెంటాఫీసుకి ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు ఒకటి ఆ నంబరు నొక్కండి, ఈ నంబరు నొక్కండి అంటుంది తప్ప మనిషి పలకడు. ఇదివరకు కరెంటు తీసెయ్యాలంటే ఒక మనిషి నిచ్చెన పట్టుకుని గుమ్మం ముందుకి రావాలి. వాణ్ణి ఎందుకని అడగొచ్చు, ఒక్క రోజు ఆగమనొచ్చు, దెబ్బలాడొచ్చు. ఇప్పుడు దెబ్బలాడ్డానికి కూడా ఎదురుగా ఎవడూ లేడు. పక్కింటి వాళ్ళ నుంచి వైరు లాగి అత్తగారికి టేబుల్ ఫ్యాను పెట్టి, నేను ఆఫీసుకి పరుగెత్తాను.

అక్కడి గుమస్తా మన తెలుగతనే. కంప్యూటర్లో చూసి, "మీది ప్రీపెయిడ్ అమ్మా. ముందు రీఛార్జి సేస్తేనే కరెంటు. మీరే ఒప్పుకున్నారు కదా" అంటూ ఒక కాగితం తీసి చూపించాడు. ఒడియాలో ఉంది. అడుగున పెన్నుతో రాసి ఉంది: 'ఇంటి యజమానురాలు నిరక్షరాస్యురాలు. చదివి వినిపించగా సమ్మతించి వేలిముద్ర వేసినది.'

మర్నాడు అత్తగారిని ఆటోలో తీసుకెళ్ళాను.

ఆవిడ ఆ కాగితాన్ని కళ్ళద్దాల దగ్గరగా పెట్టుకుని మొదటి లైను నుంచి బిగ్గరగా చదివారు, బడిలో పాఠం చదివినట్టు. వరసలో నిలబడ్డవాళ్ళు దగ్గరికి జరిగారు. చివరి లైను రెండుసార్లు చదివారు.

"ఈ ముక్క ఎవులు రాసేరు బాబూ?"

"కాంట్రాక్టరు మనుషులమ్మా. మాకు తెల్దు."

"నాకు సదువొచ్చో రాదో ఆళ్ళు అడగలేదు. మీరైనా అడిగేరేటి?"

అతను కంప్యూటర్ వైపు తిరిగి ఏదో టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. నేను గట్టిగా అరిచాను. ఏమేమి అన్నానో నాకే గుర్తు లేదు. అత్తగారు నా చెయ్యి పట్టుకుని ఆపి, అతన్ని తెల్లకాగితం అడిగారు. ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి రాశారు: నాకు చదువు వచ్చు, నాకు ఎవరూ చదివి వినిపించలేదు, ప్రీపెయిడ్‌కి నేను ఒప్పుకోలేదు. కింద సంతకం పెట్టారు. అందినట్టు స్టాంపు వెయ్యమన్నారు.

"సార్ సీట్లో లేరమ్మా."

"ఒచ్చినదాకా కూకుంటాం."

సారు నాలుగు గంటలకి వచ్చాడు. అంతవరకూ ఆ మనిషి, ఆపరేషనైన కంటితో, చెక్క బెంచీ మీద అలాగే కూర్చున్నారు. సారు కాగితం చదివి స్టాంపు వేశాడు. పాత పద్ధతిలోనే బిల్లు పంపిస్తామన్నాడు. మీటరు తీసెయ్యమంటే మాత్రం, "అది అందరికీ తప్పదు" అన్నాడు. తప్పయిందని ఒక్క మాట అనలేదు.

మేం ఇల్లు చేరేసరికి ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఎవరూ ఇంటికి రాలేదు, గోడ మీది పెట్టెను ముట్టుకోలేదు. ఎక్కడో కూర్చుని కరెంటు తీసేశారు, ఎక్కడో కూర్చుని ఇచ్చేశారు. మావారు కొట్టు నుంచి వచ్చి, "పోన్లే, ఒచ్చింది కదా" అన్నారు.

ఆ పూట నేను ఆయనతో మాట్లాడలేదు.