వైకుంఠం అరికాళ్ళు

హైదరాబాద్ పాతబస్తీ అలియాబాద్‌లో ఏ మెకానిక్‌ను అడిగినా వైకుంఠం గురించి ఒకే మాట చెప్పేవారు: ఆయన బండిని కళ్ళతో కాదు, కాళ్ళతో చూస్తాడని. కారు వర్క్‌షాపుకు రాగానే చెప్పులు గడప దగ్గర విడిచి, ఉత్తికాళ్ళతో ఎక్కి కూర్చునేవాడు. శాలిబండ దాకా పోయి తిరిగి వచ్చేసరికి రోగం తెలిసిపోయేది. "ముంగట కుడిదిక్కు షాకర్ పోయింది. ఎనక రబ్బరు బుష్‌లు ఇంకో ఆర్నెల్లు ఆగుతయి" అంటూ దిగేవాడు. విప్పి చూస్తే అట్లాగే ఉండేది.

వాళ్ళది పాల వ్యాపారం చేసే ఇల్లు. ఉప్పుగూడలో నాలుగు బర్రెలుండేవి. పదేళ్ళ వయసులోనే తండ్రి సైకిలుకు రెండు వైపులా పాల క్యాన్లు తగిలించి వాడిక ఇళ్ళకు పంపేవాడు. రాళ్ళు తేలిన సందుల్లో క్యాన్లు కుదుపులకు ఊగితే పాలన్నీ నురుగయ్యేవి, కొలత తక్కువైందని గడప గడపకూ లొల్లి. ఏ గుంతను ఎట్లా దాటితే క్యాను కదలదో వైకుంఠం పెడలు మీది కాలితో నేర్చుకున్నాడు. పదహారేళ్ళకు అఫ్జల్‌గంజ్‌లో లారీలకు కుదుపు ఆపే కమాన్ పట్టీలు కట్టే దుకాణంలో చేరాడు. లారీలనుంచి కార్లకు, కార్లనుంచి ఖరీదైన కార్లకు వచ్చాడు. సొంత వర్క్‌షాపు పెట్టి ఇరవై ఎనిమిదేళ్ళు. మాదాపూర్, గచ్చిబౌలి వైపు అద్దాల షోరూములున్నా, స్పోర్ట్స్ కార్ల పిల్లలు వెతుక్కుంటూ ఈ సందులోకే వచ్చేవాళ్ళు. పక్క దుకాణంలో వెల్డింగు పని చేసే జలాలుద్దీన్ వాళ్ళను చూసి నవ్వేవాడు. "వైకుంఠం భాయ్, నీ కాళ్ళకు దండం పెట్టాల్నని వస్తున్రు వీళ్ళంత" అనేవాడు.

షుగరు వచ్చి పన్నెండేళ్ళయింది. మాత్రలు గుర్తున్నప్పుడు వేసుకునేవాడు. ఏడాదిగా నడుస్తూ నడుస్తూ ఉంటే ఒక చెప్పు వెనకే ఉండిపోయేది, పది అడుగులు పోయాక ఎవరో చెప్తే చూసుకునేవాడు. భార్య బాలమణి దవాఖానకు పోదాం అని మొత్తుకునేది. "ఈ చెప్పులే వదులైనయి, కొత్తవి తెచ్చుకుంట తీ" అని మాట దాటేసేవాడు.

కీర్తిప్రియ వచ్చింది ఫిబ్రవరిలో. నయాపూల్ దగ్గర కోర్టులో జూనియర్ లాయరు. సైదాబాద్‌లో తల్లితో ఉంటుంది. ఆమె దగ్గర పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఒకటి ఉంది, ఎర్రటిది. ఇంటర్ చదివేటప్పటినుంచి అటువంటి కారు కావాలని కలలు కని, ముప్ఫై రెండేళ్ళకు కొనుక్కుంది. ఆదివారం తెల్లారి అనంతగిరి గుట్టల మలుపుల్లో నడపడం తప్ప ఆమెకు వేరే సరదా లేదు.

"అన్నా, దీనికి కాయిలోవర్లు వేయించాలి. ఏవి వేయించాల్నో నువ్వే చెప్పాలె" అంది.

స్ప్రింగు, దాని నడుమ ఊపును ఆపే షాక్ అబ్జార్బరు, అదే షాకర్, రెండూ కలిపి ఒకే కట్టుగా వచ్చేదాన్ని కాయిలోవర్ అంటారు. మర తిప్పితే కారు కిందికో పైకో జరుగుతుంది. నెత్తిన చిన్న గుండీ ఉంటుంది, తిప్పిన కొద్దీ టిక్కు టిక్కుమంటూ షాక్ అబ్జార్బరు గట్టిపడుతుంది. ఆమె దగ్గర రెండు సెట్లున్నాయి. ఒకటి కొత్తది, కొంచెం మెత్తని స్ప్రింగులు. నచ్చకపోతే వాపసు తీసుకుంటామని దుకాణంవాళ్ళు మాటిచ్చారు. రెండోది వాడినది, ఆమె స్నేహితుడి కారులోంచి తీసింది. రేసుల్లో పేరున్న రకం, గట్టి స్ప్రింగులు.

"ఇంటర్నెట్ల చూస్తే ఒకడు ఇది అంటడు, ఇంకొకడు అది అంటడు. షోరూముకు పోతే ఏది ఎక్కువ రేటుంటే అదే మంచిదంటరు. నాకెవరి మీదా నమ్మకం లేదన్నా. రెండూ వేసి నడిపి చూడు. నువ్వు ఏది అంటే అది."

"రెండు దినాలు బండి ఇడిచిపెట్టు బిడ్డా" అన్నాడు వైకుంఠం. ఇటువంటి పని వచ్చినప్పుడు ఆయనకు కడుపు నిండినట్టుండేది.

ఆ రాత్రే కొత్త సెట్టు బిగించి, మొదటి రోజు ట్రాఫిక్ మొదలుకాకముందే బయలుదేరాడు. శాలిబండ మీదుగా పోయి, చార్మినార్‌ను పక్కకు వదిలి, నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్‌లో తిప్పుకొని రావడం ఆయన దారి. వంతెన మీద రోడ్డుకు రెండు అతుకులున్నాయి. మొదటి అతుకు దగ్గర కారు ఏ ఊపు మొదలుపెట్టిందో, రెండో అతుకు వచ్చేలోపల దాన్ని ముగించిందా లేదా అన్నది చూసేవాడు. ముగించకపోతే షాక్ అబ్జార్బరులో బలం లేనట్టు.

అతుకు దాటినట్టు చెవికి తెలిసింది. కాలికి తెలియలేదు.

కొత్త షాకర్లు కదా, అంత సాఫుగా తీసుకున్నాయేమో అనుకున్నాడు. అఫ్జల్‌గంజ్‌లో కారు ఆపి, గుండీలను చివరిదాకా తిప్పి గట్టి చేశాడు. తిరిగి వంతెన ఎక్కాడు. అదే చప్పుడు. అరికాళ్ళ కింద కారు లేనట్టే ఉంది, దూది మూటల మీద కాళ్ళు పెట్టుకొని కూర్చున్నట్టుంది. మళ్ళీ పోయి పూర్తిగా మెత్త చేశాడు. నడుముకు ఏదో కుదుపు అందుతోంది కానీ అది ఎవరికైనా అందుతుంది, బస్సులో కూర్చున్న మనిషికి కూడా. నాలుగోసారి వంతెన దాటేసరికి కాలేజీ బస్సులు మొదలయ్యాయి. వెనకనుంచి హారన్లు మోగుతుంటే వర్క్‌షాపుకు తిరిగొచ్చాడు.

రెండో రోజు పాత సెట్టు బిగించాడు. ఈసారి బయలుదేరేముందు అరికాళ్ళను వేడి నీళ్ళలో పెట్టి, బట్టతో గట్టిగా రుద్దుకున్నాడు. వంతెన దాకా పోయాడు, వచ్చాడు. నిన్నటికీ ఇవాళటికీ తేడా ఆయనకు దొరకలేదు.

కారు దిగుతుంటే జలాలుద్దీన్ దగ్గరికి వచ్చాడు. "చెహరా గట్లున్నదేంది భాయ్? తబియత్ ఠీక్ లేదా? ఒక్కసారి నన్ను నడపనియ్, నేను చూస్త."

"నీకేం తెలుస్తది?" అన్నాడు వైకుంఠం. ముప్ఫై ఏళ్ళ స్నేహంలో అంత పెడసరంగా ఎన్నడూ మాట్లాడలేదు. జలాలుద్దీన్ వెనక్కి పోయాడు.

సాయంత్రం కోర్టు అయ్యాక కీర్తిప్రియ వచ్చింది. నల్ల కోటు చేతి మీద వేసుకొని కారు చుట్టూ తిరిగింది. "చెప్పన్నా" అంది.

నాకు తెలుస్తలేదు బిడ్డా అని చెప్పడానికి ఆ క్షణంలో ఆయనకు అడ్డం వచ్చినవాళ్ళెవరూ లేరు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ మాట బయట పడితే తరువాత తానెవరు? పాత సెట్టుకు రేసుల్లో పేరుంది. అంత పేరున్నది తప్పయ్యే ప్రసక్తి లేదనుకున్నాడు.

"ఇప్పుడున్నదే మంచిగున్నది. ఇదే ఉంచుకో. కొత్తది వాపస్ ఇచ్చెయ్."

"ఖాయమా?"

"ఖాయం."

ఆమె సంతోషంగా కారు తీసుకొని పోయింది.

తొమ్మిదో రోజు, ఆదివారం, అనంతగిరి దిగుతున్న మలుపులో కీర్తిప్రియ కారు వెనక భాగం ఎగిరి పక్కకు జారింది. ఒక చుట్టు తిరిగి రాతి గోడకు కొట్టుకుంది. ఎడమ తొడ ఎముక, తుంటి విరిగాయి. రెండు ఆపరేషన్లయ్యాయి. దవాఖాన మంచం మీదినుంచి ఆమె పంపిన మెసేజును జలాలుద్దీనే చదివి వినిపించాడు: అన్నా, బండిని నీ దగ్గరికే పంపుతున్న. తప్పు నాదే, మలుపుల ఎక్కువ స్పీడు పోయిన. నువ్వు ఫికర్ చేయకు.

తుక్కయిన కారు క్రేను మీద సందులోకి వచ్చింది. జనం చుట్టూ మూగారు. వాళ్ళు పోయేదాకా ఆగి వైకుంఠం వెనక చక్రాలు విప్పాడు. రెండు కాయిలోవర్లను బల్ల మీద పెట్టి, స్ప్రింగులు తప్పించి, కుడిదాన్ని అదిమాడు. బరువుగా దిగి, మెల్లగా పైకి వచ్చింది. ఎడమదాన్ని అదిమాడు. సైకిలు పంపులాగా సర్రున దిగి, అక్కడే ఉండిపోయింది. లోపలి గ్యాసు ఎప్పుడో పోయింది. గుద్దుకున్నప్పుడు పోయింది కాదు, రాడ్డుకు గీత కూడా పడలేదు. బిగించిన రోజే అది చచ్చి ఉంది. పదేళ్ళ కింద అయితే సందు మలుపు తిరగకముందే పట్టుకునేవాడు.

జలాలుద్దీన్ పక్కనే నిలబడి చూశాడు. ఆయనకు విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఎవ్వరికీ చెప్పకు భాయ్" అన్నాడు జలాలుద్దీన్. "ఆ పిల్ల తన తప్పే అంటున్నది కదా. చెప్తే ఆమె కాలు మంచిగైతదా? ఛోడో, ఇడిచెయ్."

ఆ వారమే ఇంట్లో ఇంకొకటి జరిగింది. బాలమణి ఆయన కాలి మడమ చూసి కెవ్వుమంది. వెల్డింగు రవ్వ పడి బొబ్బయి, పగిలి, పుండయింది. ఎప్పుడు పడిందో ఆయనకు తెలియదు. ఆమె ఏడుస్తూ, చెయ్యి పట్టుకొని దవాఖానకు లాక్కుపోయింది. డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. సన్నటి నైలాన్ తీగ బిగించిన పుల్ల ఒకటి తీసింది.

"కళ్ళు మూసుకోండి. అరికాలికి ఇది తగిలినప్పుడల్లా ఊఁ అనండి" అంది.

వైకుంఠం కళ్ళు మూసుకొని, ఒళ్ళంతా చెవులు చేసుకొని కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు.

"మొదలువెట్టండి మేడం" అన్నాడు.

"అయిపోయింది. రెండు కాళ్ళూ చూసేశాను" అంది డాక్టరమ్మ.

ఆయన కళ్ళు తెరవలేదు. తిరిగి వస్తుందా అని బాలమణి అడుగుతోంది. పోయిన స్పర్శ రావడం కష్టమమ్మా, ఉన్నదాన్ని కాపాడుకోవాలి, ఇకనుంచి ఉత్తికాళ్ళతో నడవొద్దు, రోజూ పాదాలు చూసుకోవాలి అని డాక్టరమ్మ చెబుతోంది. ఆయనకు ఉత్తికాళ్ళు అన్న మాట ఒక్కటే వినిపించింది.

మరునాడు జలాలుద్దీన్ వద్దంటున్నా సైదాబాద్ పోయాడు. దవాఖాననుంచి ఇంటికొచ్చిన కీర్తిప్రియ మంచం మీద కాలికి ఇనుప చువ్వలతో ఉంది. మనిషి సగమైంది. ఆయనను చూసి లేవబోయింది. తల్లి చాయ్ తెచ్చి పెట్టింది. ఆయన చాయ్ ముట్టుకోలేదు.

"ఎనక ఎడమ షాకర్ ముందే పోయి ఉండె బిడ్డా. నేను పట్టలే. నా కాళ్ళల్ల స్పర్శ లేదు. ఆ రెండు దినాలు నాకేం తెల్వలే."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. "రెండిట్ల ఏది మంచిదో తెల్వకనే చెప్పినవా?"

"తెల్వకనే చెప్పిన."

"ఖాయమా అని అడిగిన కదన్నా నేను."

"అడిగినవు బిడ్డా" అన్నాడు వైకుంఠం.

"ఇన్ని దినాలు నాకు డ్రైవింగే రాదనుకుంటున్న. కండ్లు మూస్తే ఆ మలుపే వస్తున్నది. బ్రేకు ముందుగాల కొట్టాల్నా, స్టీరింగు తక్కువ తిప్పాల్నా అని మల్ల మల్ల అదే నడుపుతున్న. తెల్వదు అంటే అయిపోవు కదా. ఇంకొకరి దగ్గర చూపించుకుందును. అందరు అబద్ధం చెప్తరనే కదా నీ దగ్గరికొచ్చిన."

వైకుంఠం మంచం దగ్గరికి జరిగాడు.

"పో అన్నా" అని గోడ వైపు తిరిగింది.

ఆ తరువాత వర్క్‌షాపుకు వచ్చినవాళ్ళందరికీ వైకుంఠం తన చేతకాదనే చెప్పాడు. కొందరు నమ్మలేదు, పేరొచ్చేసరికి తలకెక్కిందన్నారు. జలాలుద్దీన్ ఊరుకోలేకపోయాడు. "నేను నడుపుత, పక్కన కూసో. నాకేం తెలిస్తే అది చెప్త. నువ్వు సోంచాయించి పని చెప్పు. ఇద్దరం కలిస్తే ఒక్క మనిషి కామా?" అని బతిమాలి, ఒక పాత గిరాకీ తెచ్చిన కారులో ఎక్కించాడు.

నయాపూల్ అతుకు దాటింది.

"ఊగింది" అన్నాడు జలాలుద్దీన్.

"ఎట్ల ఊగింది? ముంగటికా, పక్కకా?"

"ఊగింది భాయ్."

"ఊగి ఆగిందా, ఇంకోసారి లేసిందా? కాలి కింద మొదలయి నడుముకొచ్చిందా, నడుముకే తగిలిందా?"

జలాలుద్దీన్ నిజంగానే ఆలోచించాడు. ముఖం ఎర్రబడేదాకా ఆలోచించాడు. "నాకు ఊగినట్టే ఉన్నది. గంతకన్న చెప్పరాదు."

వైకుంఠం అఫ్జల్‌గంజ్ దాకా కూడా పోకుండా కారు తిప్పమన్నాడు. నలభై ఏళ్ళు తనకు తెలిసింది ఎవరికీ చెప్పలేదని కాదు, చెప్పడానికి దానికి మాటలే లేవని ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు వర్క్‌షాపులో సగం జలాలుద్దీన్ వెల్డింగు సామాన్లతో నిండింది. బాలమణి కొనిపెట్టిన మందపాటి బూట్లు వేసుకొని వైకుంఠం పదింటికి వచ్చి కూర్చుంటాడు, సాయంత్రం దాకా కూర్చుంటాడు. పని ఉండదు. మధ్యాహ్నం జలాలుద్దీన్ తన టిఫిన్ డబ్బాలోంచి ఒక రొట్టె ఇటు జరుపుతాడు, ఇద్దరూ కలిసి తింటారు. వానాకాలం పోయాక కీర్తిప్రియ ఊతకర్రతో కోర్టుకు వస్తోందని ఎవరో చెప్పారు. కారును బాగు చేయించకుండానే అమ్మేసిందట. వైకుంఠం విని ఊఁ అన్నాడు. కొన్నదెవరని అడగలేదు.