బిందె లేని నడుము

మొన్న అటక మీది ఇత్తడి బిందె దింపించి చింతపండుతో తోమాను. తడి ఇత్తడీ పులుపూ కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే, నడుం నొప్పి సంగతి కూడా మరిచి పంపు దగ్గరే చతికిలబడిపోయాను. ఈ వయసులో మీకెందుకత్తా ఈ చాకిరీ అని కోడలు విసుక్కుంది. నిజమే, ఎందుకో ఏమో.

ఇప్పటి పిల్లలు దెయ్యాల సినిమాలు చూసి కూడా పకపకా నవ్వుతారు. నేను హడలిపోయింది ఒక నవ్వుల సినిమాకు. పంతొమ్మిది వందల యాభైల్లో, వాన మొహం చాటేసిన ఏడు, మైదుకూరు దాపున పైరు లేని చేనిలో డేరా టాకీసు వేశారు. కింద ఇసుక, ఆడవాళ్లకూ మగవాళ్లకూ నడుమ అడ్డగుడ్డ, ఉడకబెట్టిన శనక్కాయల వాసన, బీడీ పొగ, చంటిపిల్లల ఏడుపులు. నేను అమ్మ ఒళ్లో కూర్చున్నాను. తెర మీద ఒక పిల్ల కొత్త చీర కట్టుకుని ఒంటరిగా బావి వైపు నడిచింది. మగవాళ్ల వైపు ఈలలు వేశారు. మా వైపు మాత్రం చప్పుడు ఆగిపోయింది.

"బిందె యాడుందే దానికి?" అంది పక్కింటి సుబ్బక్క, గొంతు తగ్గించి.

మా సీమలో బావులు లోతు. బావికి పోయే ఆడదాని నడుమున బిందె లేదంటే ఆమె నీళ్లకు పోవడం లేదని, ఇక తిరిగి రాదని అర్థం. సినిమా తీసినవాళ్లకు ఆ సంగతేం తెలుసు, పాపం. ఆ పిల్ల ప్రియుడి కోసం వచ్చింది, పాట మొదలైంది. అమ్మ మాత్రం పాట అయిపోయేదాకా నా కళ్ల మీంచి అరచేయి తీయలేదు.

ఆ ఏడు నాయన ఎద్దులను తోలుకుని మేత దొరికే దిక్కుకు పోయి నెలలైనా రాలేదు. నాయన తల్లి, మా జేజి, ఎండకూ ఆకలికీ కలిపి అమ్మనే తిట్టేది. ఈమె కాలు పెట్టినప్పటి నుంచే వానలు పోయాయనేది. అమ్మ మాకు కొర్రన్నం పెట్టి, తను గంజి తాగి, పల్లెత్తు మాట అనకుండా రానురాను మాట్లాడటమే తగ్గించింది. ఆమె బావికి బయల్దేరినప్పుడల్లా నడుము వైపు చూడటం నాకు అలవాటైపోయింది.

ఒక మధ్యాహ్నం జేజి తిట్లన్నీ అయ్యాక, అమ్మ కొంగు దులుపుకుని లేచి ఉత్త చేతులతో బావి దారి పట్టింది. కాళ్లు కాలుతుంటే నేను వెనకే పరుగెత్తాను.

"నా ఎనక యాల వస్తాండావు?"

"అమా, బిందె యాడ?"

అమ్మ నిలబడిపోయింది.

"వరసలో పెట్టొచ్చినాలే. ఎండ శానా ఉండాది, ఇంటికి పోదాం పా."

కరువులో నీళ్లు ఊరేదాకా బిందెలను బావి గట్టున వరసలో పెట్టి రావడం మామూలే. నమ్మాను, నా ప్రాణం కుదుటపడింది. ఎత్తుకునే వయసు దాటినా అమ్మ నన్ను చంకనెత్తుకుని నడిచింది.

ఇంటికొచ్చేసరికి బిందె వంటింటి మూలన బోర్లించి ఉంది.

మరుసటి రోజు నుంచి అమ్మ నీళ్లకు పోయే ముందు నన్ను పిలిచి, నడుమున ఉన్న బిందెను వేళ్లతో టకటక కొట్టి, "ఇదో, చూసుకో" అనేది. నాయన తిరిగొచ్చాక కూడా, నాకు పెళ్లయ్యేదాకా ఆ అలవాటు మానలేదు.

ఇప్పుడు ఆ డేరా లేదు, అడ్డగుడ్డ లేదు, సుబ్బక్క లేదు. బావిని పూడ్చేశారు. ఇంటింటికీ కుళాయి వచ్చింది, బిందెతో ఎవరికీ పని లేదు. అమ్మ పండు ముసలిదై, మంచం మీద నా చేయి పట్టుకునే కన్ను మూసింది. తోమిన బిందెను వేళ్లతో టకటక కొట్టి చూశాను. అప్పటి ఆ బిందే ఇది, నా దగ్గరే ఉండిపోయింది. అమ్మ ఉత్త చేతులతోనే పోయింది, ఈసారి నేను వెనక పరుగెత్తలేకపోయాను.