టేపు వెనకాల బొట్టు

ఊళ్లలోని చెట్లు ఇచ్చే నీడకూ చల్లదనానికీ విలువ కట్టడం నా ఉద్యోగం. ఆ పని మీదే కాకినాడ నుంచి పటాన్‌చెరు వెళ్లాను. ఒక ఫ్యాక్టరీ గేటు ముందున్న వేపచెట్టుకు టేపు చుట్టి కొలిచానో లేదో, దాని కింద చాయ్ అమ్మే యాదమ్మ పసుపు, కుంకుమ తెచ్చి మానుకు బొట్టు పెట్టేసింది.

“రోడ్డు కోసం కొట్టేస్తరా ఏంది? ఇగ గొడ్డలి ఎవలెత్తుతరో సూస్త.”

కొట్టడానికి కాదనీ, నీడ విలువ తెలిస్తే కొట్టేవాళ్లే వెనకాడతారనీ చెప్పాను. నవ్వి, చాయ్ పోసిచ్చింది.

తాగి తలెత్తేసరికి, రోడ్డు వెంట వరసగా ఉన్న చెట్లన్నిటికీ బొట్లు పెట్టుకుంటూ పోతోంది.

“నన్ను నమ్మలేదా అమ్మా?”

“నిన్ను నమ్మిన సారు. నువ్వు రాసే లెక్కను సదివేటోళ్లనే నమ్మలే.”