డేగు కాక నోటికి స్లాబు

ఎనిమిదో తరగతిలో రెండేళ్లు కూర్చున్నా ఆ తరగతికి నేను నచ్చలేదు. నేనే బడి మానేశానని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు (బడివాళ్లను అడిగితే పీడ విరగడైందనేవాళ్లు). బయటి కంపెనీలకు దేశం తలుపులు బార్లా తెరిచిందని అందరూ సంబరపడుతున్న ఆ రోజుల్లో నాకు తెరుచుకున్న తలుపు ఒక్కటే: చంద్రపూర్ బజారు వెనక సందులో మా ఉస్తాద్ నడిపే కట్టుడు పళ్ల దుకాణం. డాక్టర్లు రోగి నోటి అచ్చు తీసి పంపితే అందులో ప్లాస్టర్ పోసి, ఆ ప్లాస్టర్ నోటికి సరిపడే పళ్లు చేసి పంపడం మా పని. ఇరవై ఏళ్ల వయసులో ఆ పని నాకు తెగ నచ్చింది. ప్లాస్టర్ నోరు ఎదురు చెప్పదు కదా!

పళ్లన్నీ పోయినవాడితో పేచీ లేదు. కొన్నే పోయినవాడితోనే తంటా. కుడివైపు రెండు, ఎడమవైపు మూడు ఊడాయనుకోండి, ఆ రెండు ముక్కలనూ అంగిలి మీదుగా కలిపే పట్టీ ఒకటి కావాలి. అది ఎంత వెడల్పుండాలి, ఎంత మందముండాలి, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి అన్నది డాక్టరు గీసి పంపాలి. మా డాక్టరు మాత్రం చీటీ మీద ఊడిన పళ్ల నంబర్లు వేసి, కింద "రెండువైపులా కలపండి" అని రాసి చేతులు దులుపుకునేవాడు. అలాంటి చీటీ ఒకటి ఉస్తాద్ నా ముందు పడేసి, "ఈసారి నువ్వే గీయ్‌రా. పట్టీ వంగొద్దు, నోటికి బరువు కావొద్దు, బస్" అన్నాడు. మొదటి మాటే నా చెవిన పడింది. ఊరంతా స్లాబు ఇళ్లు లేస్తున్న కాలం, నేనూ స్లాబే పోశాను. ముందు పళ్ల నుంచి గొంతు అంచుదాకా అంగిలి మొత్తం కప్పేసి, జొన్నరొట్టె మందాన గులాబీరంగు ప్లాస్టిక్! దాన్ని ఎండలో పట్టుకుని నిగనిగలు చూసుకుంటూ మురిసిపోయాను.

వారం తిరక్కుండా ఆ నోటి యజమాని దుకాణంలోకి దూసుకొచ్చాడు. చూద్దును కదా, డేగు కాక! రాజురా, కోర్పనా వైపు మన తెలుగువాళ్ల ఇళ్లలో ఏ పెళ్లైనా పొయ్యి మీద పెద్ద పెద్ద డేగులు, అంటే గుండిగలు, ఎక్కించి వండేది ఆయనే. తూకం లేదు, కొలత లేదు. అరచేతిలో పప్పు చుక్క వేసుకుని నాకి, నాలుకను అంగిలికి టక్కున కొట్టి ఉప్పు ఎంత తక్కువైందో చెప్పేస్తాడు. (ఇదంతా చీటీలో ఉండదు. చీటీలో పళ్లుంటాయి, మనిషి ఉండడు.)

"ఎవడ్రా గిది చేసింది?"

"నేనే కాకా. మంచిగున్నదా?"

"మంచిగనా! నాలుక గొడితె డబ్బా మీద గొట్టినట్టున్నది. పప్పు నోట్లె ఏసుకుంటె వేడి తెల్వది, ఉప్పు తెల్వది. లేదేమో అని ఇంకింత ఏసిన. బారసాలకొచ్చిన మందంత బువ్వ ఇడిసి నీళ్లకు ఉరికిండ్రు!"

"వండేటప్పుడు తీసి జేబుల పెట్టుకోరాదు?"

"కారం చేతులతోని నోట్లె వేలు వెట్టాల్నా? ఏదీ, నువ్వు వెట్టుకో, నేను చూస్త."

ఉప్పు పప్పు కథ అక్కడితో ఆగలేదు. ఊరి పక్కనే దుర్గాపూర్‌లో ఒక ఇంజనీరు గారి కూతురి పెళ్లి వంట కాకకే ఖాయమైంది. ఈ కబురు చెవిన పడగానే ఆ ఇంజనీరు, నాగపూర్ నుంచి బఫే వాళ్లను పిలిపిస్తానని మొదలుపెట్టాడట. ఆదివారం కాక చేతి పప్పు తిని చూశాకే ఏ సంగతీ చెబుతానన్నాడట. "ముప్పై ఏండ్ల సంది వండుతున్న. గిప్పుడు నాకు పరీక్ష వెట్టిండు" అంటూ కాక పట్టీని నా బల్ల మీద పెట్టాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. పరీక్ష ఆయనకు, చాకిరీ నాకూనా!

అంగిలి ఖాళీగా ఉండాలి, అంతే కదా అనుకుని ఈసారి గుర్రపు నాడాలా పళ్ల వెంబడే సన్నటి పట్టీ తిప్పాను. రెండో రోజే కాక మళ్లీ ప్రత్యక్షం. సన్నపట్టీ వంగిపోతోంది. "ఇటు నమిలితె అటు లేస్తున్నది, అటు నమిలితె ఇటు లేస్తున్నది. వేరువడ్డ అన్నదమ్ముల లెక్క ఒకదానికొకటి పడ్తలేదురా!" అన్నాడు. ఉస్తాద్ మూల కూర్చుని కిసకిస నవ్వుతున్నాడు. నాకు తిక్క రేగింది.

"నీకు గట్టిగుండాలె, సన్నగుండాలె, రుచి గూడ తెల్వాలె! అసలు నాలుక ఎక్కడ గొడతవో చెప్పు కాకా, ఆ జాగ ఇడిసిపెడత!"

"గీ ముచ్చట ముందుగాల అడగాల్నా, వద్దా?"

పక్కింటి నుంచి చిటికెడు పసుపు తెప్పించి, నాలుక కొసకు రాసుకుని, టక్కున అంగిలికి కొట్టి, నోరు బార్లా తెరిచాడు. అప్పటిదాకా ప్లాస్టర్ నోళ్లే తప్ప బతికున్న నోట్లోకి తొంగి చూసినవాణ్ణి కాదు నేను. ముందు పళ్ల వెనక, ముడతలున్నచోట, రూపాయి బిళ్లంత పచ్చటి మచ్చ! ఆ మచ్చను ప్లాస్టర్ మీద పెన్సిల్‌తో గీసుకుని దాని జోలికి పోకుండా, వెనగ్గా, అంగిలి నడుమ అడ్డంగా వెడల్పాటి పట్టీ వేశాను. పలచగా ఉన్నా వంగకుండా లోపల స్టీలు జాలీ పెట్టాను. శనివారం కాక చేతికిచ్చి, ఆదివారమంతా నేను మెతుకు ముట్టలేదు (పరీక్ష తప్పడం ఎలా ఉంటుందో నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?).

ఇప్పుడు నాకే సొంత దుకాణం ఉంది. చీటీ రాగానే డాక్టరుకు ఫోన్ చేసి, "ఈ నోరు ఏం పని చేస్తుంది సాబ్?" అని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ. అలా అడిగినప్పుడల్లా, ఎండలో స్లాబు పట్టుకుని మురిసిపోతున్న ఆ కుర్రకుంక కళ్లముందు నిలబడతాడు. వాణ్ణి తిట్టబుద్ధి కాదు, నవ్వొస్తుంది.

ఇంతకీ ఆ పరీక్ష మర్నాడు, సోమవారం పొద్దున కాక వచ్చాడు. ఇంజనీరు గారు మూడోసారి కూడా పప్పు పోయించుకుని, బఫే మాట మళ్లీ ఎత్తకుండా విస్తర్లు ఎన్ని కావాలో అడిగాడట. ఇక నన్ను పట్టేవాళ్లెవరు! "పెండ్లిల నీ పేరు పక్కన నా పేరు గూడ చెప్పాలె కాకా. ఒక్క నోటికి మూడుసార్లు చేసిన, తెలుసా?" అన్నాను.

కాక తాపీగా లేచి, తువ్వాలు భుజాన వేసుకుని గడప దాటుతూ అన్నాడు:

"మూడుసార్లు చేసినోనివి నువ్వు గింత లొల్లి చేస్తున్నవు బిడ్డా. మూడుసార్లు నోట్లె వెట్టుకున్నోడు ఏమన్న అంటుండా?"