చిన్న ట్యాంకు

దల్వా బొర్తొలూసి అరచేతులు చూస్తే పెట్రోల్ బంకులో పనిచేసే మనిషివి అనిపించవు. పన్నెండో ఏట పట్టిన చెరకు కత్తిని ఆమె ఇరవై మూడో ఏట గానీ వదల్లేదు. 1981లో మా ఊరి బంకు యజమాని ఎర్నెస్తో కొత్తగా ఆల్కహాల్ పంపు పెట్టించి, దాని దగ్గర నిలబడే ఉద్యోగం ఆమెకిచ్చాడు. మొదటిరోజు బంకు టోపీ పెట్టుకుని వీధి వీధీ తిరిగి చూపించుకుంది.

అప్పట్లో మా రిబైరావ్ ప్రెతు వైపు ఎక్కడ చూసినా ఒకటే సంబరం. బ్రెజిల్ బళ్లు ఇక మా చెరకుతో నడుస్తాయి! పరాయివాళ్ల చమురు కోసం దేబిరించక్కర్లేదు. రైల్వే స్టేషన్ ముందు టాక్సీలు నడిపే మేం నలుగురం అందరికంటే ముందు ఆల్కహాల్ కార్లు కొన్నాం. సారా తాగే కార్లని జనం వెక్కిరించినా మాకు గర్వమే. అందరిలోకీ ఎక్కువ ఎగిరింది నేనే.

మాకు చలికాలమైన జూలైలో మంచు పడింది. మూడు రోజులు వరసగా తెల్లవారుజామున మా కార్లు కదల్లేదు. రైలు దిగినవాళ్లు మమ్మల్ని దాటిపోయి పాత పెట్రోల్ టాక్సీలు ఎక్కారు. నాకు తిక్క రేగింది. నాలుగో రోజు తెల్లారగానే బంకుకెళ్లి, మా ఇంజన్లు పెట్రోల్‌కి మార్పించుకుంటున్నామని చెప్పేశాను. మేం తప్ప ఆ పంపుకి గిరాకీ ఎవరున్నారు? ఎర్నెస్తో తల పట్టుకుని, ఇవాళే పంపు మూసేస్తానన్నాడు. రేపట్నుంచి రావద్దని దల్వాకి చెప్పాడు.

ఆమె ఏడవలేదు. నావైపు తిరిగింది. "వాల్దెమార్ గారూ, నా చేతికి మళ్లీ కత్తి ఇచ్చేముందు బండి ఓసారి చూడనివ్వండి."

"చెరకు కొట్టే పిల్లవి, ఇంజను సంగతి నీకేం తెలుసు?"

"చెరకు సంగతి తెలుసుగా. మీ బండి తాగేదీ అదే కదా."

ఎండెక్కితే కార్లు వాటంతటవే కదులుతాయి, అప్పుడు తప్పెక్కడుందో తేలదు. అందుకే బంకులో ఇంధనం పరీక్షించే గాజు గొట్టం, ఓ పెట్రోల్ డబ్బా పట్టుకుని ఆమె స్టేషన్ వైపు పరుగందుకుంది. ఆయాసపడుతూ నేనూ వెనకాలే పరిగెత్తాను.

మా కార్లకి బానెట్ కింద ఓ చిన్న ట్యాంకు ఉంటుంది. చలిలో మీట నొక్కితే అందులోంచి కాస్త ఇంధనం ఇంజన్లోకి చిమ్ముతుంది. దల్వా నా కారులో ఆ ట్యాంకు మూత తీసి వాసన చూసింది. కాస్త గాజు గొట్టంలోకి తీసి నీళ్లు కలిపింది. పెట్రోలైతే నీళ్లమీద తేలాలి. ఒక్క చుక్క తేలలేదు. మొత్తం నీళ్లలో కలిసిపోయింది.

మిగతా ముగ్గురూ నన్నే చూశారు. చెరకు బండి నోట్లో పెట్రోల్ చుక్క పడనివ్వొద్దని, చిన్న ట్యాంకులో కూడా ఆల్కహాలే పోయమని వాళ్లకి చెప్పింది నేనే. చలికి ఆల్కహాల్ ఓ పట్టాన అంటుకోదనే కదా పెట్రోల్ కోసం ఆ ట్యాంకు పెట్టింది! సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమె అందులో ఉన్నది తోడేసి పెట్రోల్ పోసింది. మీట నొక్కి తాళం తిప్పింది. ఇంజను దగ్గింది, మళ్లీ దగ్గింది, గర్రుమని అందుకుంది! గడ్డిమీద మంచు ఇంకా తెల్లగానే ఉంది. రెండోది, మూడోది, నాలుగోది కూడా కదిలాయి. మా హారన్ల మోతకి స్టేషన్ మాస్టరు బయటికొచ్చాడు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

ఎర్నెస్తో రొప్పుతూ వచ్చి, ఇంతకీ ఏమైందని అడిగాడు. నిజం బయటపడితే నేను ఊళ్లో తలెత్తుకు తిరగలేను. దల్వా నావంక ఓసారి చూసింది.

"చలి ఎక్కువైందండీ," అంది.

ఆ పూటే నలుగురం ఆమె పంపు ముందు వరస కట్టాం. ముందు నా బండే. పెద్ద ట్యాంకు ఆల్కహాల్‌తో నింపి, డబ్బా చేతిలో పట్టుకుని నిలబడింది. చిన్నదాంట్లో ఏం పోయమంటారని అందరూ వినేట్టు అడిగింది.

"పెట్రోల్ పొయ్యి తల్లీ," అన్నాను.